లేని సవతితో పోరు

మాండర్లీ భవంతిలోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఓ ఉదయం రాతబల్ల ముందు కూర్చుని ఉంటుంది. బల్ల మీది ఫోను మోగుతుంది. అవతలి గొంతు మిసెస్ డి వింటర్ కోసం అడుగుతుంది. మీరు పొరబడ్డారు, ఆవిడ పోయి ఏడాది దాటింది అని ఈ అమ్మాయి ఠక్కున చెప్పేస్తుంది. చెప్పేశాక గాని వెలగదు, ఇప్పుడు మిసెస్ డి వింటర్ అంటే తనేనని. ఫోను చేసింది బయటివాళ్ళు కూడా కాదు. ఆ ఇంటి పెత్తనమంతా గుప్పిట్లో పెట్టుకున్న మిసెస్ డాన్వర్స్, ఇంటి లోపలి ఫోనులోనే, ఆ పూట వంటల సంగతి కనుక్కుందామని చేసింది.

డాఫ్నీ డు మారియే రాసిన ‘రెబెకా’ నవలలో ఇదో చిన్న సన్నివేశం. చదివేవాళ్ళకు నవ్వు కూడా వస్తుంది. పెళ్ళాడి వచ్చిన మనిషి తన పేరు వినపడగానే, చనిపోయినావిడకు చోటిచ్చి తాను పక్కకు తప్పుకుంది. ఎవరూ తప్పుకోమనలేదు.

గోథిక్ నవల అనగానే పాడుబడ్డ కోట, అర్ధరాత్రి అడుగుల చప్పుడు, తాళం వేసిన గది గుర్తొస్తాయి. అవి రంగస్థలం మీది సామాను. కథను ముందుకు తోసే బలం చాలా నవలల్లో ఈర్ష్యదే. 18వ శతాబ్దంలో దయ్యాలతో కలిసి పనిచేసిన ఈ ఈర్ష్య, 20వ శతాబ్దానికి వచ్చేసరికి దయ్యం పనిని కూడా తానే అందుకుంది. ‘రెబెకా’లో దయ్యం లేదు. ఒక్క తలుపు కూడా తనంతట తాను తెరుచుకోదు. అయినా ఇంగ్లీషులో ఇంతకంటే దయ్యం పట్టిన ఇల్లు మరొకటి చెప్పమంటే పాఠకులు తడుముకుంటారు.

1938 ఆగస్టులో లండన్‌లో విక్టర్ గొలాంజ్ ఈ నవలను అచ్చువేశాడు. ప్రేమకథగానే ప్రచారం చేశాడు. తొలి ముద్రణ 20,000 ప్రతులు. నెల తిరక్కుండానే అమ్మకాలు దానికి రెట్టింపు దాటాయి. అప్పటినుంచి ఈ పుస్తకం మార్కెట్లో దొరకని రోజంటూ లేదు. సమీక్షకుల్లో కొందరు కాలక్షేపం సరుకంటూ పెదవి విరిచారు, కొందరు కథ నడిపిన తీరును మెచ్చుకున్నారు. ప్రేమకథ అనే ముద్ర మాత్రం బలంగా పడిపోయింది. రచయిత్రికి ఆ ముద్ర మింగుడుపడలేదు. తాను రాసింది ఈర్ష్య గురించిన పరిశీలన అని ఆమె చెబుతూనే ఉంది. ఎనభై ఏళ్ళు దాటిన తరువాత చూస్తే ఈ తగాదాలో రచయిత్రి మాటే నెగ్గుతోంది.

ఆమె అలా అనడానికి కారణం ఆమె కాపురంలోనే దొరుకుతుంది. 1932లో ఆమె పెళ్ళాడిన సైనికాధికారి ఫ్రెడరిక్ బ్రౌనింగ్‌కు అంతకుముందు జ్యాన్ రికార్డో అనే యువతితో పెళ్ళి నిశ్చయమై, ఆగిపోయింది. జ్యాన్ అతడికి రాసిన పాత ఉత్తరాలు కొన్ని డు మారియే కంటపడ్డాయి. ఆ చేతిరాతలోని ధీమా, సంతకంలో ఒంపు తిరిగిన ‘ఆర్’ అక్షరం ఆమెను వదల్లేదని జీవితచరిత్రకారులు రాశారు. నవలలో రెబెకా సంతకం కూడా అంతే. పొడవాటి ‘ఆర్’ ముందుకు వంగి, మిగతా అక్షరాలను మరుగుజ్జులను చేసి నిలబడుతుంది.

నవల మొదలైంది ఇంగ్లండులో కాదు, ఈజిప్టులో. బ్రౌనింగ్ దళం అలెగ్జాండ్రియాలో ఉన్న రోజులవి. అధికారి భార్యగా విందులు చెయ్యాలి, వచ్చినవాళ్ళను పలకరించాలి. బిడియస్తురాలైన డు మారియేకు అవి గండాలు. ఎండలో కూర్చుని కార్న్‌వాల్ వానలను తలచుకుంటూ రాయడం మొదలుపెట్టి, దాదాపు 15,000 మాటలు రాసి చించిపారేసింది. తిరిగి ఇంగ్లండు వచ్చాక 1938 వసంతానికి పూర్తిచేసింది. అప్పటి నోటుబుక్కును 1981లో అచ్చువేసినప్పుడు, ఈ కథకు మొట్టమొదట తన మనసులో పడిన విత్తనాలను గుర్తుచేసుకుంది: ఒక అందమైన ఇల్లు, ఒక మొదటి భార్య, ఈర్ష్య, సముద్రంలో ఒక ఓడ ప్రమాదం. ఇల్లు ఎక్కడిదో ఆమె అభిమానులందరికీ తెలుసు. ఫోయ్ పట్టణం దగ్గర చెట్ల మధ్య మరుగునపడ్డ మెనబిలీ అనే భవనం అది. పెళ్ళికి ముందే దానిమీద మనసుపడింది. అది రాష్లీ కుటుంబం ఆస్తి, అమ్మకానికి రాదు. 1943లో అద్దెకు తీసుకుని పాతికేళ్ళకు పైగా అందులో ఉంది. ఒకరి ఇంట్లో ఇంకొకరు ఇల్లాలిగా తిరగడం ఎలా ఉంటుందో ఆమెకు అనుభవం మీద కూడా తెలిసివచ్చి ఉంటుంది.

మన భాషలో ఈ భావానికి పేర్లు బోలెడు. కుళ్ళు, కడుపుమంట, కన్నుకుట్టడం, ఓర్వలేనితనం. అమరకోశం ఇంకొంచెం లోతుకు వెళ్ళి ఈర్ష్యకూ అసూయకూ గీత గీస్తుంది. ఎదుటివారి మేలు సహించలేకపోవడం ఈర్ష్య. ఎదుటివారిలో గుణమున్నా దానికి దోషం అంటగట్టడం అసూయ. ఈ గీతను తీసుకెళ్ళి ‘రెబెకా’ మీద పెడితే ఆశ్చర్యం కలుగుతుంది. కథ చెప్పే అమ్మాయిలో ఈర్ష్య నిలువెల్లా ఉంది గాని అసూయ రవ్వంత కూడా లేదు. పైగా ఆమె చేసేది దానికి పూర్తిగా తలకిందులు. రెబెకా ఎలాంటిదో తెలియదు, ఫొటో కూడా చూడలేదు. అయినా లేని గుణాలన్నీ ఏరి తెచ్చి ఆమెకు అలంకరిస్తుంది. అసలైన అసూయాపరుడు వేరే ఉన్నాడు, అతడు నవల చివరి భాగంలో గాని నోరు విప్పడు.

సవతుల పోరు మన కావ్యాలకు కొత్త కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ అలక నారదుడు తెచ్చిన ఒక్క పువ్వు రుక్మిణికి దక్కినందుకు. అది బతికున్న సవతి మీద అలక. దానికి మందుంది: మొగుణ్ణి నిలదీయవచ్చు, కాలితో తన్నవచ్చు, చివరికి చెట్టునే పెకలించి తెప్పించుకోవచ్చు. మాండర్లీ అమ్మాయికి ఆ సావకాశం లేదు. సవతి చనిపోయింది. చనిపోయినవాళ్ళు ముసలివాళ్ళు కారు, తప్పుచెయ్యరు, వాదనకు దొరకరు.

గోథిక్ నవలకు ఈర్ష్య ఎప్పటినుంచి చుట్టమో చూడాలంటే మొదటి పుస్తకానికే వెళ్ళాలి. హొరేస్ వాల్పోల్ 1764లో వెలువరించిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’లో ఆకాశం నుంచి పెద్ద శిరస్త్రాణం పడి యువరాజు చచ్చిపోతాడు, చిత్రపటంలోని తాత ఫ్రేములోంచి దిగి నడుస్తాడు. ఇంత హంగామా ఉన్నా కథను ముగింపుకు తెచ్చేది ఒక ఈర్ష్యాళువు కత్తిపోటు. తాను కోరుకున్న ఇసబెల్లా గుడి దగ్గర థియొడోర్‌తో రహస్యంగా కలుసుకుంటోందని నమ్మిన కోట ప్రభువు మాన్‌ఫ్రెడ్, చీకట్లో వెళ్ళి ఆమెను పొడుస్తాడు. తీరా చూస్తే ఆ పడిపోయింది సొంత కూతురు మెటిల్డా. అక్కడ లేని మనిషిని అక్కడ చూడడం, ఆ చూపుతోనే చెయ్యెత్తడం: గోథిక్ ఈర్ష్యకు తొలి అచ్చు ఇదే అనుకోవచ్చు.

మేరీ షెల్లీ 1818లో రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఈర్ష్య పడేది మనిషి కూడా కాదు. పశువుల కొట్టంలాంటి గూట్లో నక్కి, గోడ పగులులోంచి ఒక పేద కుటుంబం ఆప్యాయతలను చూసే ఆ ప్రాణి, మిల్టన్ కావ్యం చదివి తాను ఆదాముకంటే సైతానుకే దగ్గరనుకుంటుంది. తనకు జోడీని చేసి ఇస్తానని మాటిచ్చిన సృష్టికర్త విక్టర్ ఆ జోడీని ముక్కలు చేసిననాడు, సరిగ్గా విక్టర్ పెళ్ళిరాత్రి కోసమే కాచుకుంటుంది.

1847లో బ్రాంటీ అక్కచెల్లెళ్ళు ఇద్దరు ఒకే ఏడాది రెండు నవలలు ఇచ్చారు. ఈర్ష్యను రెండు పూర్తి వేరు పనులకు వాడారు.

ఎమిలీ రాసిన ‘వుదరింగ్ హైట్స్’ను గొప్ప ప్రేమకథ అనేవాళ్ళు లెక్కపెట్టకుండా వదిలేసే సంగతులు కొన్ని ఉన్నాయి. తండ్రి లివర్‌పూల్ వీధుల్లోంచి ఒక అనాథను ఎత్తుకొచ్చిన రాత్రి, కొడుకు హిండ్లీ కోసం తెచ్చిన ఫిడేలు దారిలో నలిగిపోయింది. కూతురికోసం తెచ్చిన కొరడా ఎక్కడో పడిపోయింది. ఆ నలిగిన ఫిడేలు దగ్గరే ఈ నవల మొదలవుతుంది. తండ్రి ప్రేమను పరాయివాడు ఎత్తుకుపోయాడన్న కక్షతో హిండ్లీ ఆ అనాథ హీత్‌క్లిఫ్‌ను పాలేరుగా దిగజార్చాడు. పాలేరును పెళ్ళాడితే తన స్థాయి పడిపోతుందని హిండ్లీ చెల్లెలు క్యాథరిన్ ఎడ్గర్ లింటన్‌ను చేసుకుంది. దాంతో హీత్‌క్లిఫ్ రెండు కుటుంబాలను, రెండు ఆస్తులను, రెండో తరాన్ని కూడా మింగేశాడు. ఒక అన్నదమ్ముల తగవు ఎస్టేట్లు చేతులు మారేదాకా వెళ్ళింది.

ఈ నవలలో ఈర్ష్యకు లెక్కల పుస్తకం కూడా ఉంది. క్యాథరిన్ ఏ సాయంత్రాలు లింటన్లతో గడిపిందో, ఏ సాయంత్రాలు తనతో గడిపిందో కుర్ర హీత్‌క్లిఫ్ గోడమీది క్యాలెండరులో గుర్తులు పెట్టి చూపిస్తాడు. ఆమెకు అది విసుగు పుట్టిస్తుంది. అతడికి అదే ఆస్తి పత్రం. ఆమె చనిపోయాక శవం మెడలోని లాకెట్ తెరిచి, అందులోని ఎడ్గర్ వెంట్రుకలు తీసిపారేసి తనవి పెడతాడు. దాది నెల్లీ వచ్చి ఇద్దరి వెంట్రుకలనూ మెలివేసి లాకెట్ మూసేస్తుంది. నెల్లీ చేసిన ఈ పని మీద విమర్శకులు మరికాస్త దృష్టి పెట్టాలి. ఆ ఇళ్ళలో అందరి ఈర్ష్యలనూ దగ్గరుండి చూసి, ఎవరి పక్షమూ పూర్తిగా వహించని మనిషి ఆమె ఒక్కతే, కథ మనకు చెప్పేదీ ఆమే. ఈర్ష్య పడేవాడే కథ చెబితే ఏమవుతుందన్న ప్రశ్న ఎమిలీ వేసుకోలేదు. ఆ పని మరో తొంభై ఏళ్ళకు డు మారియేది అయింది.

షార్లెట్ రాసిన ‘జేన్ ఐర్’ వ్యవహారం వేరు. జేన్ యజమాని రోచెస్టర్ ఈర్ష్యను పథకం ప్రకారం పుట్టిస్తాడు. బ్లాంచ్ ఇన్‌గ్రమ్‌ను పెళ్ళాడబోతున్నట్టు నెలల తరబడి నటించి, జేన్‌లో తనమీద ప్రేమ రాజెయ్యడానికే అలా చేశానని తరవాత సిగ్గులేకుండా ఒప్పుకుంటాడు. ఇంతకంటే విలువైనది అంతకుముందరి ఘట్టం. బ్లాంచ్ అందం గురించి ఇంటి వ్యవహారాలు చూసే మిసెస్ ఫెయిర్‌ఫాక్స్ చెప్పిన నాలుగు మాటలు విన్న జేన్, తనకు తానే శిక్ష వేసుకుంటుంది. అద్దంలో చూస్తూ తన సాదా ముఖాన్ని ఉన్నదున్నట్టు గీసుకోవాలి. పక్కనే దంతపు పలక మీద, ఇంకా చూడని బ్లాంచ్ ముఖాన్ని ఊహించి వీలైనంత అందంగా చిత్రించాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని బుద్ధి తెచ్చుకోవాలి. చూడని పోటీదారును తన చేత్తోనే అందగత్తెగా చెయ్యడం! ‘రెబెకా’ నవల సగం ఈ పలక మీదనే పుట్టింది.

ఇక్కడ ఓ వింత ఉంది. జేన్ ఈర్ష్య పడిన బ్లాంచ్ అసలు పోటీయే కాదు. అసలు సవతి, రోచెస్టర్ భార్య బెర్తా, మూడో అంతస్తులో తాళం వెనక ఉంది, జేన్‌కు ఆమె సంగతే తెలియదు. పెళ్ళి దగ్గరపడుతుండగా ఒక రాత్రి వచ్చి పెళ్ళి మేలిముసుగును రెండుగా చింపి నేలకేసి తొక్కిపోయిన బెర్తా చేసిందే ఆ నవలలో అసలైన సవతి పోరు. ఆమె చెప్పుకోలేకపోయిన కథను జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’గా రాసింది. జమైకా నుంచి మొదలుపెట్టిన ఆ నవలలో, పేరు లేని ఇంగ్లీషు భర్త ఎవరో పంపిన ఉత్తరాలు చదివి భార్య గతం మీద అనుమానం పెంచుకుంటాడు. ఆమె పేరునే మార్చేస్తాడు. పిచ్చి ఎవరిదన్న ప్రశ్న అక్కడినుంచి మళ్ళీ ‘జేన్ ఐర్’ మీదికే తిరుగుతుంది.

గాస్టన్ లెరూ ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’లో (1910) ఈర్ష్యకు మనిషి రూపం కూడా అక్కర్లేదు. క్రిస్టీన్ గది తలుపు వెనక మగగొంతు విని రవుల్ రగిలిపోతాడు. ఆమె వెళ్ళాక లోపలికి దూరి వెతుకుతాడు. గదిలో ఎవరూ లేరు.

ఇలా చూస్తే గోథిక్ ఈర్ష్యలో ఒక అలవాటు కనిపిస్తుంది. దానికి ఎదుట మనిషి ఉండనక్కర్లేదు. లేకపోతేనే దానికి ఎక్కువ పని.

‘రెబెకా’ ఈ అలవాటును చివరి అంచుదాకా లాగింది. 21 ఏళ్ళ పిల్ల, మిసెస్ వాన్ హాపర్ అనే అమెరికన్ డబ్బున్నావిడ దగ్గర ఏడాదికి 90 పౌండ్ల జీతానికి తోడుగా తిరిగే అమ్మాయి. మాంటీ కార్లోలో 42 ఏళ్ళ మాక్సిమ్ డి వింటర్ పరిచయమవుతాడు. అతడి కారులో దొరికిన పద్యాల పుస్తకంలో తొలిపేజీ మీద రెబెకా సంతకం. పెళ్ళి మాట వచ్చిన రోజునే ఈ పిల్ల ఆ పేజీ కత్తిరించి, ముక్కలు చేసి, చెత్తబుట్టలో పడేసి, అదీ చాలక అగ్గిపుల్ల గీస్తుంది. అన్నీ కాలిపోయాక ఆఖరున మెలితిరుగుతూ మిగిలేది ‘ఆర్’ అక్షరం. ఇంకా మాండర్లీ చూడలేదు, డాన్వర్స్ ఎవరో తెలియదు. అప్పటికే దహనసంస్కారం ఒకటి చేసి వచ్చింది.

మాండర్లీలో ఈర్ష్య అపరాధ పరిశోధకుడిలా పనిచేస్తుంది. వానలో బయటికెళ్ళబోతే నౌకరు ఒక రెయిన్‌కోటు తెచ్చిస్తాడు. అది తనకు మరీ పొడుగు. కాబట్టి వేసుకున్నావిడ ఎత్తరి. గుండీ ఒకటి ఊడి ఉంది. కాబట్టి భుజాన అలా వేసుకుని తిరిగేది, గుండీలు పెట్టేది కాదు. జేబులో నలిగిన రుమాలు, పెదవుల రంగు మరక, మూలన కుట్టిన అక్షరాలు, ఆజేలియా పువ్వుల వాసన. నాలుగు వస్తువుల నుంచి ఒక మనిషి లేచి నిలబడింది. రాతబల్లలో అరలన్నీ పేర్లు రాసి సర్ది ఉన్నాయి. మిసెస్ డి వింటర్‌గా ఆ బల్ల ముందు కూర్చున్న ఈ పిల్లకు ఉత్తరం రాయడానికి ఎవరూ లేరు. తరవాత చేయి తగిలి పగిలిన పింగాణీ బొమ్మ ముక్కలను సొరుగులో దాచేస్తుంది. ఇంటి యజమానురాలు తన ఇంట్లోనే పనిపిల్లలా భయపడి దాచడం! నేరం పాపం ఒక నౌకరు మీద పడబోతుంది.

బ్రిటిష్ విమర్శకురాలు ఆలిసన్ లైట్ ఈ సంగతిని గట్టిగా పట్టుకుంది. ఈ ఈర్ష్య మొగుడి కోసం పడేది మాత్రమే కాదు, తరగతికి సంబంధించినది. మధ్యతరగతి పిల్ల ఒక ఉన్నత కుటుంబపు స్త్రీ స్వేచ్ఛను, నడకను, నిర్లక్ష్యాన్ని చూసి కుంగిపోతోంది. మరో వైపు టానియా మోడ్లెస్కీ దీన్ని కూతురు తల్లితో పడే పోటీగా చదివింది. అందుకు ఆధారాలు పుస్తకంలోనే ఉన్నాయి. నల్ల శాటిన్ గౌనూ ముత్యాల హారమూ వేసుకున్న 36 ఏళ్ళ స్త్రీని అయితే బాగుండునని ఈ పిల్ల కారులో పైకే అనేస్తుంది. ఆ వయసే ఆమెకు కావలసిన వరం. ఈ రెండు వ్యాఖ్యానాలూ పోట్లాడుకోనక్కర్లేదు. రెయిన్‌కోటు పొడుగులో రెండూ ఇమిడిపోతాయి.

డాన్వర్స్‌ది మరో రకం. చిన్నప్పటినుంచి పెంచిన మనిషిని పోగొట్టుకుని, ఆ స్థానంలోకి వచ్చిన ప్రతి ముఖాన్నీ దొంగగా చూస్తుంది. పెద్ద విందుకు ఏ వేషం వెయ్యాలో తోచక తికమకపడుతున్న కొత్త యజమానురాలికి, మెట్ల దగ్గరి కారొలిన్ డి వింటర్ చిత్రంలోని తెల్ల గౌను సూచించింది ఆమే. క్రితం విందులో రెబెకా వేసుకున్నదీ అదేనని చెప్పలేదు. మెట్లు దిగుతూ భర్త మెచ్చుకోలు కోసం చూస్తున్న ఆ అమ్మాయికి ఎదురైంది అతడి కోపం. మర్నాడు పడమటి గదుల కిటికీ దగ్గర, కింద పొగమంచును చూపిస్తూ దూకెయ్యమని డాన్వర్స్ గుసగుసలాడే పేజీలు మొత్తం గోథిక్ సాహిత్యంలోనే గగుర్పాటు కలిగించేవి. సరిగ్గా అప్పుడే ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకుందని రాకెట్లు పేలకపోతే ఏమయ్యేదో. ఆ ఓడ అడుగును చూడటానికి దిగిన గజ ఈతగాడికి రెబెకా పడవ దొరుకుతుంది, అందులో ఒక శవం.

అప్పుడు మాక్సిమ్ నోరు విప్పుతాడు. రెబెకాను తాను ఎన్నడూ ప్రేమించలేదు, అసహ్యించుకున్నాడు, సముద్రపు ఒడ్డు కుటీరంలో కాల్చి చంపాడు. భర్త హంతకుడని తెలిసిన ఆ క్షణంలో ఈ అమ్మాయి మనసులో మోగేది ఒకటే: ఇతడు రెబెకాను ప్రేమించలేదు. భారం దిగిపోతుంది. అక్కడినుంచి నేరాన్ని కప్పిపుచ్చడంలో ఆమె భాగస్వామి. చిత్రమేమిటంటే పాఠకులు కూడా ఆమెతోపాటు ఊపిరి పీల్చుకుంటారు. మూడొందల పేజీల పాటు ఆమె ఈర్ష్యను తమదిగా మోశారు కదా, అది దిగిపోయాక కింద శవం ఉన్న సంగతి పెద్దగా పట్టించుకోరు. కాల్పులు విన్నవాళ్ళు లేరు, రెబెకా తరఫున సాక్షి లేదు. ఆమె దుర్మార్గురాలని మనకు చెప్పింది ఎవరు? చంపినవాడు. ఆమెలో ఊరంతా మెచ్చిన ప్రతి గుణానికీ అతడు దోషం అంటగడతాడు. అమరకోశం అసూయ అన్నది దీన్నే.

అతడి ఈర్ష్య కూడా ప్రేమ వల్ల వచ్చింది కాదు. తనకు వేరొకరి బిడ్డ పుడితే, ఆ బిడ్డ డి వింటర్ పేరుతో పెరిగి మాండర్లీకి వారసుడవుతాడని రెబెకా నవ్వుతూ రెచ్చగొట్టింది. తుపాకీ పేలింది ఆస్తి కోసం, వంశం కోసం. తీరా లండన్ ఉత్తరాన బార్నెట్‌లోని డాక్టర్ బేకర్ దస్తావేజు తీసి చదివితే తెలిసేది: ఆమెకు నయంకాని కాన్సర్, అసలు బిడ్డలు పుట్టే అవకాశమే లేదు. ఆ వారసుడూ లేడు, ప్రేమించిన మొదటి భార్యా లేదు. తనకు తెలియని రహస్యమే రెబెకాకు లేదనుకున్న డాన్వర్స్‌కు ఈ డాక్టర్ మాట వినగానే మొహం పాలిపోతుంది. ఆ నమ్మకమూ లేనిదే. ముగ్గురు మూడు లేని వస్తువుల మీద పడిన ఈర్ష్యలతో ఒక ఇల్లు తగలబడింది.

1940లో హిచ్‌కాక్ తీసిన సినిమా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. నిర్మాత సెల్జ్‌నిక్ నవలను అక్షరాలా అనుసరించాలని పట్టుబట్టాడు గాని, భార్యను చంపిన హీరో శిక్ష లేకుండా తప్పించుకోవడం అప్పటి అమెరికన్ సెన్సార్ నియమావళి ఒప్పుకోదు. అందుకని సినిమాలో రెబెకా కిందపడి తలకు దెబ్బ తగిలి చచ్చిపోతుంది. ఒక్క మార్పే, కానీ పాఠకుడి మీద ఉన్న మచ్చ తుడిచిపెట్టుకుపోయింది. సెట్టులో ఎవరికీ తను ఇష్టం లేదని కథానాయిక పాత్రధారి జోన్ ఫాంటేన్‌కు అనిపించేలా హిచ్‌కాక్ చూసుకున్నాడన్న కథ ప్రసిద్ధం. మాక్సిమ్ పాత్రధారి లారెన్స్ ఒలివియే తనకు కాబోయే భార్య వివియన్ లీకి ఆ పాత్ర రావాలని కోరుకున్నాడు కూడా. రెండో మిసెస్ డి వింటర్‌కు సెట్టులోనూ రెండో స్థానమే దక్కింది.

హిందీలో బీరెన్ నాగ్ దర్శకత్వంలో 1964లో వచ్చిన ‘కొహ్రా’ ఈ కథకు మన దేశపు వేషం. గాయకుడు హేమంత్ కుమార్ దాని నిర్మాత. డాన్వర్స్ ఛాయలున్న పాత్రలో లలితా పవార్, కొత్త పెళ్ళికూతురిగా వహీదా రెహమాన్. ‘రోజులు మారాయి’ (1955)లో ఏరువాక పాటకు ఆడిన ఆ అమ్మాయే తొమ్మిదేళ్ళకు పొగమంచు భవంతిలో చనిపోయిన సవతి నీడలో బిక్కచచ్చిపోయి కనిపించడం తెలుగు ప్రేక్షకులకు చిన్న కొసరు.

ఇంతమంది చదివిన కథ మీద కాపీ ఆరోపణలు రాకుండా ఉంటాయా? అమెరికాలో ఎడ్వినా మెక్‌డొనల్డ్ రచన తాలూకు దావా పడితే డు మారియే 1947లో నోటుబుక్కు పట్టుకుని న్యూయార్క్ కోర్టు మెట్లెక్కింది, దావా కొట్టేశారు. బ్రెజిల్ రచయిత్రి కరొలీనా నబూకో ‘అ సుసెసోరా’ (1934)తో పోలికల చర్చ మరింత కాలం నడిచింది. అందులోనూ మొదటి భార్య చిత్రపటం కింద రెండో భార్య కాపురం. ఎవరు ఎవరిని చూసి రాశారన్నది పక్కన పెడితే, జేన్ ఐర్ దంతపు పలక ఇద్దరికీ అందుబాటులోనే ఉంది.

తరవాతి రచయిత్రులు ఈ కథను కొనసాగించాలని చూశారు. సూసన్ హిల్ 1993లో ‘మిసెస్ డి వింటర్’ రాసి రెండో భార్య కథను పొడిగించింది. శాలీ బోమన్ ‘రెబెకాస్ టేల్’లో (2001) చనిపోయినావిడ చేతికే కలం ఇచ్చింది. రెండోది తెలివైన పుస్తకమే గాని, రెబెకా తన సంగతి తాను చెప్పుకోవడం మొదలుపెట్టగానే ఆమె మామూలు మనిషైపోతుంది. డు మారియే మాత్రం ఈర్ష్య పడ్డవాళ్ళ చేతే కథ చెప్పించడాన్ని తన పద్ధతిలోనే మరోసారి పరీక్షించి చూసింది. 1951 నాటి ‘మై కజిన్ రేచల్’లో కథ చెప్పేది ఈర్ష్యాళువైన కుర్రాడు ఫిలిప్. తనను పెంచిన కజిన్‌ను రేచల్ విషం పెట్టి చంపిందా లేదా అన్నది నవల ముగిసినా తేలదు. వంతెన బలహీనంగా ఉందని తెలిసీ అతడు ఆమెను హెచ్చరించడు. మళ్ళీ అదే లెక్క: స్త్రీ చనిపోయింది, చెప్పుకోవడానికి మిగిలింది ఈర్ష్య పడ్డవాడు.

జీవితభాగస్వామి గతంలోని మనుషుల మీద పడే ఈర్ష్యకు పాశ్చాత్య మనస్తత్వశాస్త్ర రచనల్లో ‘రెబెకా సిండ్రోమ్’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. జూలియన్ బార్న్స్ 1982లో ‘బిఫోర్ షి మెట్ మీ’ అన్న చిన్న నవల మొత్తం ఆ జబ్బు మీదనే రాశాడు. అందులో భర్త, నటి అయిన భార్య పాత సినిమాలను హాళ్ళ వెంట తిరిగి చూస్తూ రగిలిపోతాడు. ఇప్పుడు హాళ్ళు తిరగనక్కర్లేదు, పాత ఫొటోలు ఫోనులోనే దొరుకుతాయి. రుమాలూ రెయిన్‌కోటూ చాలిన అమ్మాయికి ఇన్ని ఫొటోలు దొరికి ఉంటే డు మారియేకు అంత మంచి నవల వచ్చేది కాదేమో.

నవల మొదట్లోనే మనం వాళ్ళిద్దరినీ చూస్తాం, అన్నీ అయిపోయాక. ఇల్లు లేదు. ఏదో వెచ్చని దేశంలో హోటలు గది, టీ. ఇంగ్లండు నుంచి ఆలస్యంగా వచ్చే పత్రికలు చదివి వినిపించడం ఆమె పని. క్రికెట్ స్కోర్లు చదువుతుంది. అడవి పావురాల మీద వ్యాసం ఒకటి చదువుతూ చదువుతూ, అతడి ముఖంలో ఏదో మారడం గమనించి, మాండర్లీ అడవి గుర్తొస్తుందని ఆపేస్తుంది. ఆ తరవాత ఏది చదవవచ్చో, ఏది చదవకూడదో ముందే చూసుకుంటుంది. ఒకప్పుడు పుస్తకంలోంచి ఒక పేజీ కత్తిరించి కాల్చిన చెయ్యి అది. ఇప్పుడు రోజూ అతడికి తెలియకుండా కొన్ని పేజీలు మడిచి పక్కన పెడుతుంది.